హెచ్‌ఓడీ గదిలో రాసిచ్చిన నాలుగు వరుసలు

పిల్లాడి మీద కాలేజీ చర్య తీసుకుంటోందని తెలిసి, తెల్లవారుజామున ఐదింటికి బెంగళూరు మెజెస్టిక్‌లో బస్సు దిగి, అక్కడే మొహం కడుక్కుని, రెండు సిటీ బస్సులు మారి, తొమ్మిది కాకముందే కాలేజీ గేటు దగ్గరికి చేరే తండ్రులను చాలామందిని చూశాను. అనంతపురం, ధర్మవరం, ఆదోని, మదనపల్లె. చేతిలో ఓ ప్లాస్టిక్ ఫైలు. అందులో పిల్లాడి టెన్త్ మెమో దగ్గర్నుంచి రేషన్ కార్డు జిరాక్సు దాకా అన్నీ ఉంటాయి. అసలు కావలసిన కాగితం, తప్పు ఒప్పుకుంటూ పిల్లాడు రాసినది, మాత్రం ఉండదు. ఎందుకంటే దాన్ని మూడు రోజుల ముందే హెచ్‌ఓడీ, అంటే విభాగాధిపతి గదిలో నిలబడి పిల్లాడే రాసి ఇచ్చేసి ఉంటాడు. కాపీ కూడా ఉంచుకోడు.

బెంగళూరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పదకొండేళ్లు పాఠాలు చెప్పాను. అందులో కొన్నాళ్లు క్రమశిక్షణ కమిటీలో కూర్చున్నాను. తెలుగు వచ్చు కాబట్టి, మనవాళ్లెవరైనా వస్తే వాళ్లతో మాట్లాడే పని నాకే పడేది. అక్కడ అర్థమైంది ఒకటే. కమిటీ ముందుండేది ఫైలు. దాని మొదటి పేజీలో ఏం పడిందో దాన్ని పట్టుకునే మిగతాదంతా నడుస్తుంది. మనవాళ్లేమో ఫైలు సంగతి వదిలేసి మనుషుల కోసం తిరుగుతారు. ఎమ్మెల్యే గారి పీఏ, ట్రస్టీకి తెలిసిన కాంట్రాక్టరు, పిల్లాడికి సీటు ఇప్పించిన ఏజెంటు. ఆ ఏజెంటు ఫోన్ మొదటి రోజు ఎత్తుతాడు, రెండో రోజు ఎత్తడు.

ఒక కేసు చెప్తాను. సెకండియర్ కుర్రాడు, ధర్మవరం వైపు. ఇంటర్నల్ టెస్టులో జేబులో మొబైల్ దొరికింది. హాల్లోంచి సరాసరి హెచ్‌ఓడీ గదికి తీసుకెళ్లారు. తెల్లకాగితం ఇచ్చి రాయమన్నారు. ఏం రాయాలో కూడా పక్కనున్నాయనే చెప్పాడు. ఇంగ్లీషులో నాలుగు వరుసలు: కాపీ కొట్టే ఉద్దేశంతోనే మొబైల్ తెచ్చాను, తప్పయింది, ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాను, ఇంకెప్పుడూ చేయను. సంతకం, తేదీ, యూఎస్‌ఎన్. మన దగ్గర హాల్‌టికెట్ నంబరు ఎలాగో, ఇక్కడి పిల్లలకు యూఎస్‌ఎన్ అలాగ. విచారణ పూర్తయ్యేవరకు క్లాసులకు రావద్దని మర్నాడే సస్పెన్షన్ కాగితం వచ్చింది.

వారం తర్వాత కమిటీ ముందు వాడు చెప్పిన కథ వేరు. ఫోన్ బ్యాగులో పెట్టడం మర్చిపోయాడట. స్విచాఫ్‌లోనే ఉందట. వాళ్ల నాన్న అయితే రెండు చేతులూ జోడించి, "చిన్నోడు సార్, ఈ ఒక్కసారికి ఇడ్సిపెట్టండి" అంటూనే ఉన్నాడు. మా ఛైర్మన్ మాత్రం ఆ నాలుగు వరుసలు పైకి చదివి, "మరి ఇదెవరు రాశారు?" అని అడిగాడు.

ఇక్కడొక తేడా ఉంది. పరీక్ష హాల్లో ఫోన్ ఉంటేనే తప్పని చాలా కాలేజీల నిబంధనల్లో ఉంటుంది, వాడినా వాడకపోయినా. అయితే దగ్గర ఉండటం ఒక మెట్టు, వాడటం ఇంకో మెట్టు, దాంతో ఇంకొకరికి జవాబులు పంపడం మరో మెట్టు. శిక్ష కూడా మెట్టుమెట్టుకూ మారుతుంది. ఆ పేపరు ఒక్కటే రద్దా, ఆ సెమిస్టర్ పేపర్లన్నీ రద్దా, లేక తర్వాతి పరీక్షలు కూడా రాయనివ్వకుండా డిబారా అనేది ఏ మెట్టు అన్న దాని మీదే ఉంటుంది. మొదటి మెట్టు మీదున్న కుర్రాడు భయంతో రెండో మెట్టు తప్పు కూడా తనదేనని రాసిచ్చేశాడు. తప్పు చేస్తే ఒప్పుకోవద్దని నేను చెప్పడం లేదు. చేసినంతే రాయాలి. "ఫోన్ జేబులో ఉంది, స్విచాఫ్‌లో ఉంది, వాడలేదు, తీసుకున్నప్పుడు ఫలానా సార్ ఉన్నారు" అని రాస్తే అది నిజమూ అవుతుంది, రేపు పనికీ వస్తుంది. అప్పటికప్పుడు రాయలేకపోతే, "రేపు రాతపూర్వకంగా ఇస్తాను" అని రాసి సంతకం పెట్టినా సరిపోతుంది. ఎవరో చెబుతుంటే రాసే పని మాత్రం వద్దు.

ఇంతకీ ఏ నిబంధనలు? ఇక్కడే తల్లిదండ్రులు సగం దారి తప్పుతారు. బెంగళూరులో "మా వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు" అంటే వాడి మీద ఎవరి రూల్సు నడుస్తాయో దాన్నిబట్టి చెప్పలేం. విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ, అదే వీటీయూ, 1998లో మొదలైంది. కేంద్రం బెళగావి, ఇక్కడికి దాదాపు ఐదొందల కిలోమీటర్లు. దానికి మామూలుగా అనుబంధంగా ఉన్న కాలేజీలో సెమిస్టర్ పరీక్షలు యూనివర్సిటీవి. అందులో మాల్‌ప్రాక్టీస్ కేసు పడితే తేల్చేది యూనివర్సిటీ, ప్రిన్సిపాల్ కాళ్లు పట్టుకున్నా లాభం లేదు. అటానమస్ కాలేజీలో డిగ్రీ మీద పేరు వీటీయూదే ఉంటుంది, పరీక్షలు మాత్రం కాలేజీవి. కాబట్టి కమిటీ కూడా కాలేజీదే. కేంద్రం యూనివర్సిటీ హోదా ఇచ్చిన డీమ్డ్ యూనివర్సిటీ, రాష్ట్ర చట్టంతో పుట్టిన ప్రైవేటు యూనివర్సిటీ అయితే రూల్సు రాసేదీ, అమలు చేసేదీ, అప్పీలు వినేదీ అంతా ఆ ఆవరణలోనే. బీఏ, బీకాం వాళ్ల సంగతి ఇంకో రకం. బెంగళూరు యూనివర్సిటీని 2017లో మూడు ముక్కలు చేశాక, ఒకే రోడ్డు మీది రెండు కాలేజీలు రెండు యూనివర్సిటీల కింద ఉండొచ్చు.

అడ్మిషన్ రోజున ఇచ్చే లావుపాటి పుస్తకాన్ని ఎవరూ తెరవరు. తెరిచి రెండే చోట్ల చూడండి: హాజరు, క్రమశిక్షణ. పుస్తకం ఇవ్వకపోతే వెబ్‌సైట్‌లో "రెగ్యులేషన్స్" అన్న చోట వెతికి, పిల్లాడు చేరిన సంవత్సరానిది తీసి పెట్టుకోండి. సీనియర్‌కు వర్తించిన స్కీము, అంటే ఆ ఏటి రూల్సు, మీవాడికి వర్తించకపోవచ్చు.

హాజరు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. క్రమశిక్షణ చర్యల కంటే పిల్లలు ఏడాది పోగొట్టుకునేది దీని వల్లే. పైగా ఇది శిక్షే కాదు కాబట్టి సంజాయిషీ, విచారణ, అప్పీలు అంటూ ఏమీ ఉండవు. లెక్క తప్పితే పరీక్షకు కూర్చోనివ్వరు, అంతే. మన జేఎన్‌టీయూల లెక్కకు అలవాటు పడ్డ ఇళ్లలో ఒక నమ్మకం ఉంటుంది: సబ్జెక్టులన్నీ కలిపి 75 శాతం ఉండాలి, 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, తగ్గిన హాజరును మన్నించే కాండొనేషన్ ఫీజు కడితే గట్టెక్కొచ్చు. అన్నయ్య అలాగే గట్టెక్కాడు, తమ్ముడూ ఎక్కుతాడని అనుకుంటారు. వీటీయూలో 85 శాతం కావాలి, అదీ ఒక్కో సబ్జెక్టులో విడివిడిగా. సరైన కారణం ఉండి ప్రిన్సిపాల్ సిఫారసు చేస్తే పది శాతం దాకా మినహాయింపు దొరకొచ్చు. అంటే అన్నీ కలిసొచ్చినా 75 దగ్గర గోడ.

నలభై క్లాసులు జరిగే సబ్జెక్టు తీసుకోండి. 85 శాతమంటే ముప్ఫై నాలుగు. మానడానికి ఉన్నవి ఆరు. ఆ సబ్జెక్టు వారానికి నాలుగు గంటలనుకుంటే, సంక్రాంతికి ఊరెళ్లి వారం ఉండొస్తే నాలుగు పోయాయి. కర్ణాటకలో సంక్రాంతికి సెలవు ఒక్కరోజే. భోగి, కనుమ మనవే, వాళ్ల క్యాలెండర్లో లేవు. మిగిలినవి రెండు. ఆ తర్వాత ఒక జ్వరం, ఒక పెళ్లి. "అన్నిట్లో తొంభై ఉంది, ఒక్క మ్యాథ్స్‌లోనే డెబ్భై రెండు" అని ఏడ్చిన అమ్మాయి నాకు ఇంకా గుర్తుంది. తొంభై ఉన్న సబ్జెక్టుల నుంచి ఇటు అరువు తెచ్చుకునే వీల్లేదు. కోర్టుకు వెళ్లినా హాజరు విషయంలో జడ్జీలు సాధారణంగా జోక్యం చేసుకోరు. ఆసుపత్రిలో చేరితే డిశ్చార్జి అయిన వారంలోపే సర్టిఫికెట్ ఇచ్చేయాలి. సెమిస్టర్ చివర ఒకేసారి తెచ్చే మెడికల్ సర్టిఫికెట్‌ను ఏ క్లర్కూ నమ్మడు. నేనూ నమ్మేవాణ్ణి కాదు.

ర్యాగింగ్ వేరే లోకం. అందులో కాలేజీకి కూడా పెద్దగా వెసులుబాటు ఉండదు. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన రాఘవన్ కమిటీ నివేదిక, ఆ తర్వాత 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి చనిపోవడం, వీటి వెనకే ఆ ఏడాదే యూజీసీ, అంటే యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ, నిబంధనలు వచ్చాయి. ఏటా విద్యార్థి, తల్లి లేదా తండ్రి చెరొక ప్రమాణపత్రం ఇవ్వాలి. మనవాళ్లు నెట్ సెంటర్లో ఇరవై రూపాయలిచ్చి నింపించి మర్చిపోయేది అదే. అందులో ఏముందో ఒకసారి చదవండి. కొట్టడం, తిట్టడం ఒక్కటే ర్యాగింగ్ కాదు. జూనియర్ చేత సీనియర్ రికార్డులు, అసైన్‌మెంట్లు రాయించుకున్నా, బలవంతంగా పార్టీ ఖర్చు పెట్టించినా ర్యాగింగే. "సరదాగా ఒక అసైన్‌మెంట్ రాయించుకున్నాం సార్" అని అమాయకంగా ఒప్పుకున్న కుర్రాళ్లున్నారు.

ఫిర్యాదులో నేరమనిపించేది ఉంటే కాలేజీ అధిపతి ఇరవై నాలుగు గంటల్లో పోలీసులకు ఇవ్వాలి. మామూలు సస్పెన్షన్ నుంచి, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్లు కాలేజీకి దూరం పెట్టే రస్టికేషన్, అడ్మిషన్ రద్దు దాకా శిక్షలున్నాయి. అన్నిటికంటే మనవాళ్లకు తెలియనిది ఇంకోటుంది: ఎవరు చేశారో తేలకపోతే అందరికీ కలిపి శిక్ష వేయొచ్చు. హాస్టల్ గదిలో జరుగుతున్నప్పుడు మూల కూర్చుని ఫోన్ చూసుకున్నవాడు కూడా అందులో ఇరుక్కుంటాడు. ఇక మీ పిల్లాడే బాధితుడైతే 1800-180-5522 నంబరుకు ఏ వేళైనా చేయొచ్చు. "సీనియర్లతో పెట్టుకోకు, సర్దుకుపో" అని మనం ఫోన్లో చెప్పే మాట ఉంది చూశారూ, అది ఎంత ప్రమాదమో ఆ పిల్లలకే తెలుసు.

ఆడపిల్లల మీద లైంగిక వేధింపు ఫిర్యాదులు క్రమశిక్షణ కమిటీకి రావు. వాటికి వేరే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంటుంది, విద్యార్థుల ప్రతినిధులు కూడా అందులో ఉంటారు. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తొంభై రోజుల్లో విచారణ ముగియాలి. ఈలోగా రెండు కుటుంబాలూ కూర్చుని "మాట్లాడుకుందాం" అని ఒత్తిడి చేసే బంధువులను దూరం పెట్టండి. అలా చేస్తే అబ్బాయి కేసు ఇంకా బిగుసుకుంటుంది.

మళ్లీ మన ఫైలు దగ్గరికి వద్దాం. నోటీసు వచ్చింది. అందులో ఏ రోజు, ఎక్కడ, ఏం చేశావు, ఏ నిబంధన కింద తప్పు అన్నది ఉండాలి. "దురుసు ప్రవర్తన" అని ఒక్క మాట రాసి పంపే నోటీసులూ చూశాను. అలాంటప్పుడు జవాబు ఇచ్చే ముందు వివరాలు అడుగుతూ ఒక ఉత్తరం ఇవ్వొచ్చు, అది మర్యాద తప్పడమేమీ కాదు. జవాబుకు గడువు చాలకపోతే గడువు అడగండి. అవతలివాళ్ల మాట విన్నాకే శిక్ష వేయాలన్న సూత్రం యూనివర్సిటీలకూ వర్తిస్తుంది. 1962లోనే ఉత్తరప్రదేశ్ బోర్డు ముగ్గురు విద్యార్థుల ఫలితాలను వాళ్లను అడగకుండా రద్దు చేస్తే, అడగకుండా చేయడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. 1970లో బిహార్ కేసులో మాత్రం ఒక సెంటర్ మొత్తం మూకుమ్మడిగా కాపీ కొట్టినప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి అడగక్కర్లేదంది.

విచారణ అంటే మనవాళ్లు సినిమా కోర్టు ఊహించుకుంటారు. బోను ఉండదు, వకీలును తెచ్చుకునే హక్కు మామూలుగా ఉండదు, సాక్షిని నిలదీసే అవకాశం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రాంచీ రాజేంద్ర మెడికల్ కాలేజీలో కొందరు కుర్రాళ్లు రాత్రిపూట లేడీస్ హాస్టల్‌లో చొరబడి అసభ్యంగా ప్రవర్తించారు. కమిటీ అమ్మాయిల వాంగ్మూలాలను కుర్రాళ్లు లేనప్పుడే తీసుకుంది, ఎదురుగా కూర్చోబెడితే వాళ్లకు ప్రమాదమని. తమ ఎదుట సాక్ష్యం తీసుకోలేదని కుర్రాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1973లో కోర్టు బహిష్కరణను సమర్థించింది. ఆరోపణ ఏంటో చెప్పారు, జవాబు చెప్పే అవకాశం ఇచ్చారు, ఈ పరిస్థితిలో అది చాలంది. ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. పోలీసు కేసులో "అనుమానానికి తావు లేకుండా" రుజువు కావాలి. కాలేజీ విచారణకు జరిగే ఉంటుందన్న నమ్మకం కలిగితే చాలు. కాబట్టి పోలీసులు వదిలేశారన్నంత మాత్రాన కాలేజీ వదలాలని లేదు.

కమిటీ సిఫారసు మాత్రమే చేస్తుంది. ఉత్తర్వు ఇచ్చేది ప్రిన్సిపాలో, రిజిస్ట్రారో, వైస్ ఛాన్సలరో. ఉత్తర్వు కాగితం మీద ఇవ్వమని అడగండి. నోటిమాటగా "రెండు వారాలు రావద్దు" అంటే ఊరుకోకండి. కాగితం లేకపోతే అప్పీలుకు దారి లేదు.

ఉత్తర్వు వచ్చాక ఎక్కడికి వెళ్లాలి? చాలామందికి హైకోర్టే గుర్తొస్తుంది. దానికి ముందు ఉన్న మెట్లు ఎక్కకుండా వెళ్తే జడ్జిగారే వెనక్కి పంపొచ్చు. రూల్స్ పుస్తకంలో అప్పీలు ఎవరికో, ఎన్ని రోజుల్లోనో ఉంటుంది. ర్యాగింగ్ శిక్షల మీద అయితే, అనుబంధ కాలేజీ ఉత్తర్వు మీద వైస్ ఛాన్సలర్‌కు, యూనివర్సిటీ ఉత్తర్వు మీద ఛాన్సలర్‌కు అప్పీలు ఉంటుంది. 2023లో యూజీసీ తెచ్చిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలోనూ విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, పదిహేను పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే పదిహేను రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఫిర్యాదుల మీద అప్పీలు వినే పెద్దమనిషి దగ్గరికి వెళ్లొచ్చు. ఆ పదవిలో ఉండేది రిటైరైన వైస్ ఛాన్సలరో, ప్రొఫెసరో, జిల్లా జడ్జో. ఆయనకు ముప్ఫై రోజులు గడువు. మార్కులు తక్కువ వేశారు, పేపర్ మళ్లీ దిద్దించండి అంటే ఆయన సాధారణంగా వినడు. కాగితాలు ఇవ్వలేదు, వివక్ష చూపారు, రూల్ ప్రకారం చేయలేదు అంటే వింటాడు.

హైకోర్టు మాట వచ్చింది కాబట్టి: ప్రైవేటు కాలేజీ మీద రిట్, అంటే ప్రభుత్వ సంస్థల మీద వేసినట్టు నేరుగా హైకోర్టులో పిటిషన్, వేయలేమన్నది సగం నిజం. చదువు చెప్పడం ప్రజాప్రయోజనమున్న పని కాబట్టి డీమ్డ్ యూనివర్సిటీ కూడా రిట్ పరిధిలోకి వస్తుందని 2015లో చెన్నై ఎస్ఆర్ఎం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే హైకోర్టు కూర్చుని మీవాడు కాపీ కొట్టాడా లేదా అని తేల్చదు. పద్ధతి పాటించారా, శిక్ష తప్పుకు మించి ఉందా, అంతవరకే చూస్తుంది. మళ్లీ ఫైలే.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని బెదిరించడం గురించి ఒక్క మాట. పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని, అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. అయినా "టీసీ తీసుకుపోతే మిగతా మూడేళ్ల ఫీజూ కట్టు" అనేవాళ్లున్నారు. నోటితో కాక రాతలో అడిగితే, ఆ డిమాండును వాళ్లు కాగితం మీద పెట్టడానికి జంకుతారు.

ధర్మవరం కుర్రాడి సంగతికి వస్తే, వాడి అదృష్టం కొద్దీ ఇన్విజిలేటర్ ఫోన్ తీసుకున్నప్పుడే రిపోర్టులో "స్విచాఫ్" అని రాసింది. ఆవిడ అక్షరాలు కోడిగీతల్లా ఉండేవి, ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా ఉంది. ఆ నాలుగు వరుసలు ఎలా రాయాల్సి వచ్చిందో తారీఖుతో సహా వివరిస్తూ వాడి చేత కొత్త సంజాయిషీ రాయించాం. రెండూ పక్కపక్కన పెట్టి కమిటీ గంటసేపు వాదించుకుంది. చివరికి ఆ టెస్టుకు సున్నా, ఒక హెచ్చరిక. సస్పెన్షన్ ఎత్తేశారు.

ఉత్తర్వు చేతికొచ్చాక తండ్రి దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. ఇంగ్లీషు రాదు, అయినా వేలు పెట్టి ఒక్కో వరుసా చూపిస్తూ అడిగాడు. అంతా అయ్యాక, "సార్, ఈ ఆరు దినాలు క్లాసులకు పోనీలేదు కదా, దాని అటెండెన్సు సంగతి ఇందులో యాడుంది?" అన్నాడు.

నిజంగానే లేదు. మాకెవరికీ తట్టలేదు. ఉత్తర్వులో రాయకపోతే ఆ ఆరు రోజులూ ఆబ్సెంటే, అప్పటికే వాడికి రెండు సబ్జెక్టుల్లో 85 అంచున ఉంది. క్యాంటీన్‌లో కూర్చుని వాడు ఇంకో ఉత్తరం రాశాడు, ఈసారి ఎవరూ చెప్పకుండానే. తండ్రి జిరాక్సు తీయించి, రెండూ పట్టుకుని, వచ్చే కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ సెక్షన్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. క్లర్కు ఒరిజినల్ తీసుకుని లోపల పెట్టబోతుంటే, జిరాక్సు ముందుకు తోసి, "దీని మీద కూడా సీలు ఎయ్యి సామీ" అన్నాడు.